తాగని కల్లు

కొత్తపేట,
18-6-1974

లీలావతికి, వదిన దీనమ్మ వందనాలు.

క్షేమ సమాచారాలతో కాగితం నింపే ఓపిక నాకు లేదు. మేం బతికే ఉన్నాం. నువ్వు ఆస్పత్రిలోనే పనిచేస్తున్నావు కాబట్టి నీకు వచ్చిన భయం ఏమీ లేదు. అసలు సంగతి మీ అన్నయ్యగారి గురించి.

మొన్న మే నెలలో, కాకులు కూడా నోళ్ళు తెరుచుకుని కూర్చున్న ఎండలో, నువ్వు అల్లి ఇచ్చిన ఉన్ని స్వెట్టరు తొడుక్కుని వీధరుగు మీద కూర్చున్నారు ఈయన. దారిన పోతున్న మరియమ్మ ఆగి, "మాస్టారికి జొరమా అండీ?" అని అడిగింది. అడిగి, కాసేపు చూసి, తన దారిన తాను పోయింది. ఆవిడ సందు మలుపు తిరిగిపోయాక ఈయన "లేదమ్మా" అన్నారు. ఎవరితో అన్నట్టు? కట్టుకొయ్య దగ్గర మేకతోనా?

పలివెల బడికి హెడ్‌మాస్టరు అని పేరు. ఎక్కాలు చెప్పిస్తూ కుర్చీలో గురక పెడుతున్నారట. పిల్లలు పదమూడో ఎక్కం దగ్గర ఆగిపోయి, లేపితే మళ్ళీ తిడతారేమోనని ఇంటిగంట దాకా అక్కడే కూర్చున్నారట. తిండి చూస్తే పిట్టతిండి, మనిషి చూస్తే ఉబ్బిపోతున్నారు. ముఖం పొద్దున్న లేచేసరికి కళ్ళు మూసుకుపోయి ఉంటోంది. ఇరవై ఏళ్ళుగా గుడిలో కీర్తన ఎత్తుకునేది ఈయనే కదా, మొన్న ఆదివారం ఎత్తుకుంటే ఆడపిల్లలు పమిటచెంగులు నోట్లో కుక్కుకున్నారు. గొంతు అలా ఉంది. మాట ముద్దగా వస్తోంది. నడక తూలుతోంది. కిందటి వారం కాలవగట్టు మీంచి సైకిలుతో సహా గుర్రపుడెక్కలో పడితే ఇద్దరు పాలేర్లు లాగి ఒడ్డున పడేశారు.

ఇంతా చెప్పి అసలుది దాచడం దేనికి? పలివెల దారిలో కొండయ్య కల్లుపాక ఉంది. రోజూ సాయంత్రం బడి వదిలాక మీ అన్నయ్యగారు ఆ పాక ముందు బల్ల మీద కూర్చుంటున్నారట. అడిగితే, "కాళ్ళు లాగుతున్నాయి దీనమ్మా, కాసేపు కూర్చున్నాను" అంటారు. కూర్చోవడానికి కొత్తపేటకీ పలివెలకీ మధ్య ఇంకెక్కడా చోటు దొరకలేదు పాపం, సంఘపెద్దగారికి!

నేను బాలికల బడిలో పంతులమ్మని. రేపు నా క్లాసులో పిల్లలు నా వెనక తూలుతూ నడిచి చూపిస్తారు. మీ అన్నకి నువ్వే బుద్ధి చెప్పు. నా మాట గోడకి చెప్పినట్టే ఉంది.

దీనమ్మ


విశాఖపట్నం,
27-6-1974

గౌరవనీయులైన వదినగారికి, మీ ఆడపడుచు లీలావతి నమస్కరించి వ్రాయునది.

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. పరీక్ష కాగితం దిద్దినట్టు మా అన్నయ్యని ఎర్రసిరాతో దిద్ది సున్నా వేసి పంపించారు. బాగుంది. పెళ్ళయి ఇరవై రెండేళ్ళయింది, ఒక్కనాడు వక్కపలుకు కూడా నమిలి ఎరగని మనిషి యాభయ్యో ఏట తాగుడు మొదలుపెట్టాడని మీరు ఎలా కనిపెట్టారు? వాసన వచ్చిందా? సీసా దొరికిందా? జీతం తగ్గిందా? ఇవేమీ రాయలేదు మీరు. స్వెట్టరు గురించి మాత్రం అరపేజీ రాశారు.

నాకు కావలసింది ఆ స్వెట్టరు సంగతే. అందరికీ చెమటలు పడుతుంటే అన్నయ్యకి చలేస్తోందా? ఒళ్ళు ముట్టుకుంటే ఎలా ఉంది? చర్మం పొడిబారి పొట్టు రాలుతోందా? విరేచనం సరిగ్గా అవుతోందా? జుట్టు రాలుతోందా? ముఖ్యంగా కనుబొమలు చూడండి, చెవుల వైపు చివర్లు ఉన్నాయా, ఊడిపోయాయా? నాడి చూడడం మీకు రాదు కాబట్టి అది అడగను. ఏమయినా మీ ఆయన ముఖంలోకి కాసేపు చూడాల్సి వస్తుంది. కష్టమే, అయినా చూడండి.

నేను పదిహేడేళ్ళుగా రోగులకి బుద్ధులు చెప్పడం మానేశాను. ముందు జబ్బేమిటో చూస్తాం. ఆ తరవాత తీరిక ఉంటే బుద్ధి చెబుతాం.

ఇట్లు,
లీలావతి


కొత్తపేట,
22-7-1974

లీలావతీ,

నీ ప్రశ్నలకి జవాబు రాయకూడదనుకున్నాను. అన్నని వెనకేసుకు రావడానికి నర్సు చదువు అడ్డం పెట్టుకున్నావని కోపం వచ్చింది. ఇప్పుడు రాయక తప్పడం లేదు.

మొన్న ఆదివారం ఆరాధన అయ్యాక సంఘ కమిటీ కూర్చుంది. ఎవరో పాస్టరు అయ్యగారి చెవిన వేశారట. అయ్యగారు ఏదో కాగితం చూసి చదివి, "ప్రభాకరరావుగారూ, దీనికి మీరేమంటారు?" అని అడిగారు. మన ట్రెజరరు సత్యంగారు, ఈయన కిందే అసిస్టెంటు పని చేస్తున్న మనిషి, ఆగలేకపోయాడు. "నేను కళ్ళారా చూసేనండీ. గుడిమెట్ల మీద మూడుసార్లు తూలేరు. ఒకటీ రెండూ కాదండీ, మూడుసార్లు!" అన్నాడు. ప్రార్థన జరుగుతుంటే కళ్ళు తెరుచుకుని ఇంకొకరి అడుగులు లెక్కపెట్టేవాడు మనకి ట్రెజరరు.

ఇంత జరుగుతుంటే మీ అన్నయ్య ఏం చేశారనుకున్నావు? బల్ల మీద ఆ కాగితం వైపు చూస్తూ కూర్చున్నారట. చాలాసేపటికి "సరేనండి" అన్నారట. అంతే. తాగలేదు అని ఒక్కమాట అనడానికి నోరు రాలేదు. కమిటీ వారికి ఇంకేం కావాలి? ఒప్పుకున్నాడని రాసుకున్నారు. ఈస్టరు దాకా ప్రభు సంస్కారపు రొట్టె పుచ్చుకోకూడదు. కీర్తన ఎత్తకూడదు. సంఘపెద్దల బల్ల మీద కూర్చోకూడదు. అప్పటికీ మార్పు లేకపోతే మిషను బడి యాజమాన్యానికి రాసి హెడ్‌మాస్టరు పని తీయిస్తారు. ఆ కుర్చీ ఎవరికి పోతుందో నీకు చెప్పక్కర్లేదు.

ఇంటికొచ్చి చొక్కా కూడా విప్పకుండా దుప్పటి ముసుగు పెట్టి పడుకున్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇరవై రెండేళ్ళ పరువు పోతుంటే నిద్ర ఎలా పడుతుంది మనిషికి? అరిచాను. ఈయన కళ్ళు తెరిచి నన్ను చూసి, "గొంతు రాసుకుపోతుంది, అరవకు" అన్నారు.

వాసన రాదు. రాకపోతే ఏం, యాలకులు అమ్మే కొట్లు లేవా? ఒళ్ళు చల్లగానే ఉంటుంది. చర్మం గీరితే తెల్లగా చార పడుతోంది. విరేచనానికి నాలుగు రోజులకోసారి ఆముదం పోస్తున్నాను. కనుబొమలు నిన్న పడుకున్నప్పుడు చూశాను. చివర్లు లేవు, రెండు వైపులా. ఎప్పుడు ఊడిపోయాయో నాకు తెలీదు.

నీకెలా తెలిసింది?

దీనమ్మ


విశాఖపట్నం,
30-7-1974

వదినగారూ,

ఎలా తెలిసిందంటే, చూస్తే తెలుస్తుంది. మీరు చూడలేదు. మీ కమిటీ చూడలేదు. సత్యంగారు అడుగులు మాత్రం చూశారు.

గొంతు ముందు భాగంలో థైరాయిడ్ అని చిన్న గ్రంథి ఉంటుంది. ఒంట్లో పనులన్నీ ఎంత వేగంగా జరగాలో అదే చూస్తుంది. అది పని మానేస్తే మనిషి మొత్తం మందగిస్తాడు. గుండె, పేగులు, మాట, ఆలోచన, అన్నీ. చలేస్తుంది. ముఖం ఉబ్బుతుంది. నాలుక మందమయి మాట ముద్దవుతుంది. నడుస్తుంటే తూలుతాడు. మీరందరూ కలిసి దీనికి కల్లు అని పేరు పెట్టారు. మా వార్డుకి కిందటేడు ఒకామె వచ్చింది. ఆరేళ్ళు ఇంట్లో బద్ధకస్తురాలు అని తిట్టి తిట్టి, ఆఖరికి పిచ్చిదని పిచ్చాసుపత్రికి తీసుకుపోతుంటే దారిలో ఎవరో ఇటు పంపారు. ఇప్పుడు ఆవిడ కుట్టుమిషను పెట్టుకుని జాకెట్లు కుడుతోంది.

ఇలా వదిలేస్తే ఏమవుతుందో కూడా రాస్తాను. చలికాలం వస్తుంది. నిద్ర పెరుగుతుంది. ఒకరోజు లేపితే లేవడు. అది రాకముందే తీసుకురండి. అది సంఘం తీర్మానించే సంగతి కాదు.

మీకు నామీద నమ్మకం లేదని తెలుసు. ఒక్క పని చేయండి. ఆ కల్లుపాక కొండయ్యని వెళ్ళి అడగండి. ఊరంతా ఆ పాకని చూసి తీర్పు చెప్పింది కదా, పాకలో ఉన్నవాణ్ణి ఒక్కరైనా అడిగారా?

లీలావతి


కొత్తపేట,
12-8-1974

లీలావతీ,

అడిగాను. పట్టపగలు, గొడుగు వేసుకుని, చేతిలో బైబిలు పట్టుకుని కల్లుపాకకి వెళ్ళాను. బైబిలు ఎందుకు పట్టుకెళ్ళానో నన్నడగకు. ఎవరైనా చూస్తే సువార్తకి వచ్చిందనుకుంటారని.

కొండయ్య లేచి నిలబడి తలగుడ్డ తీసేశాడు. "అమ్మగారండీ! తవరెందుకండీ ఇక్కడికి!" అన్నాడు.

"మాస్టారు రోజుకి ఎన్ని ముంతలు తాగుతారు?" అన్నాను.

వాడు నావైపు అదోలా చూశాడు. "ముంతాండీ! మజ్జిగండీ ఆయన తాగేది. మా ఆడది ఉప్పేసి ఇత్తాదండీ. కాళ్ళు బరువెక్కి సైకిలు తొక్కలేకపోతన్నారండీ. ఓపాలి బల్ల మీంచి లేవలేకపోతే నేనే రెక్కట్టుకుని లేపేను. డాట్టరుకి సూపించుకోండి మాస్టారూ అన్నానండీ. 'ఇంట్లో ఆవిడ కంగారుపడతాదిరా' అన్నారండీ."

"మరి ఇంతమంది ఇన్ని మాటలంటుంటే నువ్వెందుకు చెప్పలేదయ్యా?"

"ఎవరికి సెప్పనండీ? అయ్యగారు గానీ, కమిటీవోళ్ళు గానీ వచ్చి అడిగేరేటండీ? మా పాక్కాడికి ఆళ్ళెందుకొత్తారండీ, ఆయ్!"

వాడి పెళ్ళాం నాకూ ఒక గ్లాసు మజ్జిగ ఇచ్చింది. అదే బల్ల మీద కూర్చుని తాగాను. అంతలో గట్టు మీంచి సత్యంగారి సైకిలు వెళ్ళింది. తల తిప్పుకున్నాడు కానీ బెల్లు మాత్రం రెండుసార్లు కొట్టాడు. కొట్టుకోనీ. ఈ ఆదివారం నామీద కూడా కమిటీ కూర్చుంటుంది కాబోలు.

సెలవు పెట్టాను. ఈయనకి ఇంకా చెప్పలేదు, చెబితే తేల్చుకోవడానికి రెండు రోజులు పడుతుంది. ఇరవయ్యో తారీకు రావులపాలెం మీదుగా రాజమండ్రి బస్సు, అక్కణ్ణించి రైలు. స్టేషనుకి రా. మెట్లు ఎక్కలేరు.

లీలావతీ, ఇంకోటి రాద్దామనుకున్నాను. వద్దులే. వచ్చాక చూద్దాం.

దీనమ్మ


విశాఖపట్నం,
9-10-1974

వదినగారికి,

క్షేమంగా చేరామన్న కార్డు అందింది. కార్డు మీద మూడు లైన్లే రాశారంటే మా ఇంట్లో మీకు నోరు నొప్పి పుట్టి ఉంటుంది. ఐదు వారాలు ఇద్దరం ఒకే వంటింట్లో తిట్టుకోకుండా ఉన్నామంటే నాకే నమ్మబుద్ధి కావడం లేదు.

మీరు డాక్టరుగారి ఎదుట తల ఊపినవన్నీ ఇంటికెళ్ళి మరిచిపోతారని మళ్ళీ రాస్తున్నాను. మాత్ర పొద్దున్నే, పరగడుపున, మంచినీళ్ళతో. కాఫీ ఆ తరవాతే. ఇప్పుడు వేస్తున్నది తక్కువ మోతాదు, నెలనెలా కొంచెం పెంచుతారు. తొందరగా బాగుపడాలని మీరు ఒకటికి రెండు వేశారో, ఇన్నాళ్ళూ మెల్లగా కొట్టుకున్న గుండె తట్టుకోలేదు. గుండెలో నొప్పి అన్నాడంటే వెంటనే మాకు తెలియాలి. ఇక పెద్ద సంగతి. బాగయిపోయింది కదా అని ఆపకూడదు. ఈ మాత్ర జన్మంతా. అది వినగానే మీరు "జన్మంతానా!" అన్నారు చూడండి, అన్నం జన్మంతా తినడానికి మీకు అభ్యంతరం లేదు కదా. మెడలో కట్టుకునే వేరు ఇస్తానని ఎవరైనా వస్తే వాళ్ళనే కట్టుకోమనండి.

డాక్టరుగారు రబ్బరు సుత్తితో అన్నయ్య మడమ మీద కొట్టినప్పుడు మీరు చూశారా? పాదం ఒక్కసారి ఎగిరి, వెనక్కి రావడానికి ఎంతసేపు పట్టిందో! చదువుకునే డాక్టర్లని పదిమందిని పిలిచి చూపించారు. మీ ముఖం అప్పుడు చూశాను. అందుకే ఆ రోజు మిమ్మల్ని ఏమీ అనలేదు.

మా అమ్మ గుర్తుందా మీకు? చివరి ఆరేళ్ళు మూలమంచం మీద రెండు దుప్పట్లు కప్పుకుని ఉండేది. నాన్న బద్ధకపు పీనుగ అనేవాడు. మేమూ నవ్వేవాళ్ళం. డిసెంబరులో ఒక తెల్లవారి లేపితే లేవలేదు. నిద్రలో హాయిగా పోయిందని అందరూ అన్నారు. ఆవిడ కనుబొమలు ఎలా ఉండేవో ఎంత తలుచుకున్నా నాకు గుర్తు రావడం లేదు వదినా.

ఒకటి అడగాలి. కమిటీకి ఆ కాగితం ఎవరు రాశారు? అన్నయ్యని అడిగితే "తెలీదు" అన్నాడు. చిన్నప్పట్నించీ వాడికి అబద్ధం చెప్పడం రాదు. సత్యంగారేనా?

లీలావతి


కొత్తపేట,
16-2-1975

లీలావతీ,

నాలుగు నెలలు నీ ప్రశ్నకి జవాబు రాయకుండా మాత్రల సంగతీ బరువు సంగతీ రాసి తప్పించుకున్నాను. ఈరోజు ముందు మీ అన్న సంగతి రాసి, తరవాత అది రాస్తాను.

ఆ నిద్రపోయే మనిషే నయం అనిపిస్తోంది. తెల్లవారుజామునే లేచి నీళ్ళు కాస్తారు. పులుసులో ఉప్పు తక్కువైందంటారు. రెండేళ్ళుగా ఏం పెట్టినా తిన్నారు కాబట్టి నా వంట మెరుగైందనుకున్నాను, పిచ్చిదాన్ని. బడిలో మూడు తరగతుల పిల్లలు పద్దెనిమిదో ఎక్కం ఒప్పజెబుతున్నారట. సత్యంగారు ఎన్ని పూటలు ఆలస్యంగా వచ్చారో రిజిస్టరు చూసి చెప్పారట. మొన్న దొడ్లో నీళ్ళు తోడుతూ చిన్నగా కీర్తన అందుకున్నారు. నేను పొయ్యి దగ్గర కూర్చుని విన్నాను. బయటికి వెళితే ఆపేస్తారని కదల్లేదు.

ఇప్పుడు అసలు వేడుక చూడు. మనిషి నడక తిన్నబడింది, ముఖం తేటపడింది, మాట స్పష్టమైంది. అందరూ చూశారు. చూసి ఏమన్నారంటే, కమిటీ తీసుకున్న క్రమశిక్షణ ఫలించిందట! అయ్యగారు పోయిన ఆదివారం దాని మీదే ముప్పావుగంట ప్రసంగం చేశారు. పేరు చెప్పలేదు కానీ అందరూ తలలు తిప్పి వెనక బల్ల వైపు చూశారు. మాత్రల సంగతి చెబుదామని నేను వెళితే, "మాత్రలు ఇచ్చింది మాత్రం ఎవరమ్మా, దేవుడే కదా!" అన్నారు. "అలాగైతే కమిటీకి ఎందుకండీ కృతజ్ఞతలు?" అన్నాను. ఆయనకి దగ్గు వచ్చింది.

ఈస్టరునాడు ఈయన్ని మళ్ళీ చేర్చుకుంటారట. ఊరికే కాదు. ఒప్పుకోలు కాగితం ఇంటికి పంపారు. "మద్యపానమునకు లోబడి సంఘమునకు అవమానము తెచ్చితిని. కమిటీవారి శిక్ష వలన బుద్ధి తెచ్చుకొంటిని" అని సత్యంగారి చేతిరాతతో ఉంది. దాని కింద సంతకం చేసి, అందరి ముందూ మోకాళ్ళూని చదవాలట. చదవకపోతే పశ్చాత్తాపం లేదని బడికి రాస్తారట.

"తాగని కల్లుకి పశ్చాత్తాపం ఎలా పడతారండీ?" అని అడిగాను.

"సంతకం పెట్టేస్తాను దీనమ్మా," అన్నారు. "పెట్టకపోతే కమిటీ మళ్ళీ కూచుంటుంది. ఎవరు చెప్పేరు, ఏం చూసి చెప్పేరు అని తవ్వుతారు. ఎందుకొచ్చిన గొడవ."

అర్థమైందా నీకు? రాసింది నేను. పోయిన జులైలో, అయ్యగారికి, రెండు పేజీలు. పేరు పెట్టలేదు. కొంచెం భయపెడితే మానేస్తారని రాశాను. నీకు రాసినవే అక్కడా రాశాను, ఇంకా చక్కటి భాషలో.

"మీకెప్పుడు తెలిసింది?" అన్నాను.

"అయ్యగారు చదువుతుంటే కాగితం బల్ల మీదే ఉంది కదా. ఇరవై రెండేళ్ళు నీ చేతిరాత చూసినవాణ్ణి. నువ్వే అలా రాసేవంటే నిన్ను ఎంత ఏడిపించేనో అనుకున్నాను. ఒంట్లో ఏం జరుగుతోందో నాకే తెలీలేదు. ఒకవేళ నువ్వన్నదే నిజమేమో అని కూడా అనిపించింది. కాదనడానికి మాట వెతుక్కునేలోపల వాళ్ళు రాసేసుకున్నారు."

ఇన్ని నెలలు ఒక్క మాట అనలేదు నన్ను. నువ్వు అను. నీ నోటికి ఎంతొస్తే అంత అను.

దీనమ్మ


విశాఖపట్నం,
2-3-1975

వదినగారూ,

అనమన్నారు కాబట్టి అంటున్నాను. మీ చేతిరాత బాగుంటుందని మా నాన్న మెచ్చుకుని మిమ్మల్ని కోడలిగా తెచ్చుకున్నాడు. ఆ చేతిరాతతో ఆయన కొడుకు పరువు తీశారు. పక్కనే పడుకున్న మనిషి ఒళ్ళు చల్లబడిపోతోందని మీకు తెలీలేదు. వీధిలో వాళ్ళు ఏమనుకుంటున్నారో మాత్రం పూసగుచ్చినట్టు తెలుసు. మా అన్నయ్య చచ్చిపోయి ఉంటే సమాధి మీద తాగుబోతు అని చెక్కించి ఉండేవారు, అది కూడా చక్కటి భాషలో.

అయిపోయింది. ఇంతకంటే అనడానికి నాకు మొహం లేదు. ఎందుకంటే డెబ్భైరెండు క్రిస్మసుకి అన్నయ్య ఒక్కడూ ఇక్కడికి వచ్చాడు, గుర్తుందా? అప్పటికే ముఖం ఉబ్బి ఉంది. మాట నెమ్మదిగా ఉంది. రైలు దిగుతూ తూలాడు. పదిహేనేళ్ళ నర్సుని, సూపరింటెండెంటు మెచ్చుకున్న నర్సుని నేను ఏమనుకున్నానో తెలుసా? "అయ్యో, అన్నయ్య కూడానా" అనుకున్నాను. పక్క క్వార్టర్లలో నర్సులకి కనపడకుండా వెనక గదిలో పడుకోబెట్టి మర్నాడే రైలెక్కించాను. ఆ స్వెట్టరు అప్పుడే ఇచ్చాను, నోరు మూయించడానికి లంచంలాగా. ముట్టుకుని ఉంటే తెలిసేది. నాడి పట్టుకుని ఉంటే తెలిసేది. ముట్టుకోలేదు. మీరు ఉత్తరం రాసినప్పుడు మీమీద అంత ఎగిరిపడ్డానంటే అందుకే.

ఇంకొకటి. ఇది ఇంటిల్లిపాదికీ రాగల జబ్బని చదివి నేనూ రక్తపరీక్ష చేయించుకున్నాను. మొదలైంది. ఇంకా ఏ లక్షణమూ పైకి లేదు, కొంచెం అలసట తప్ప. డ్యూటీ ఎక్కువై అనుకున్నాను. నాకూ పొద్దున్నే మాత్ర. ముందే పట్టుకున్నాం కాబట్టి నేను కుర్చీలో గురక పెట్టే అవసరం రాదట. ఒకరు ఉబ్బిపోయి కాలవలో పడితే గానీ ఇంకొకరికి తెలివి రాని వంశం మాది.

అన్నయ్యని సంతకం పెట్టనివ్వకండి. దానికి ఏం చేయాలో మీకు నేను చెప్పక్కర్లేదు. మీకు కాళ్ళున్నాయి, లేచి నిలబడడం వచ్చు.

లీలావతి


కొత్తపేట,
1-4-1975

లీలావతీ,

ఈ ఉత్తరం తెస్తున్నామె రాహేలు. మా సంఘంలో మనిషే. నిన్న దొడ్డిదారిన వచ్చి, "నాకూ చలేత్తందండీ పంతులమ్మగారూ, నా మాటా మందంగానే వత్తాంది, మా అత్త నన్ను మొద్దు అంటాదండీ" అని గుసగుసగా చెప్పి ఏడ్చింది. నేను నాడి పట్టుకుని చూశాను. నాకేం తెలుస్తుంది, ఊరికే పట్టుకున్నాను. ఆ సుత్తి డాక్టరుగారికి చూపించు. వాళ్ళ అత్త సంగతి నేను చూసుకుంటాను.

ఇక మొన్న ఈస్టరు. గుడి కిటకిటలాడిపోయింది. కల్లు తాగిన హెడ్‌మాస్టరు మోకాళ్ళూనుతాడంటే చూడ్డానికి, క్రిస్మసుకి కూడా రానివాళ్ళు వచ్చారు. ఈయన ఇస్త్రీ చొక్కా వేసుకుని వెనక బల్ల మీద కూర్చున్నారు. జేబులో కాగితం మడత కనిపిస్తోంది. సంతకం పెట్టేశారు. వద్దని ఎంత మొత్తుకున్నా వినలేదు. మాత్రలు మింగాక వచ్చిన తెలివి అంతా మొండితనంలోకే పోయింది.

అయ్యగారు "సహోదరుడు ప్రభాకరరావుగారు" అనేలోపల నేను లేచాను.

"అయ్యగారూ, ఆ ఫిర్యాదు రాసింది నేనండి," అన్నాను.

సత్యంగారు లేచి, "ఆరాధనలో ఆడవాళ్ళు మధ్యలో మాట్లాడకూడదండీ" అన్నాడు.

"కిందటేడు రాతలో మాట్లాడితే చాలా బాగా విన్నారు కదండీ, ఇప్పుడూ వినండి. ఈయన తాగగా నేను చూడలేదు. వాసన రాలేదు. రాలేదని తెలిసీ రాశాను. ఈయనకి వచ్చింది జబ్బు. గొంతు దగ్గర గ్రంథి పని మానేసింది. మీరు వెలి వేసినందుకు బాగవలేదు, పొద్దున్నే మాత్ర వేసుకుంటే బాగయింది. రేపు ఆపితే మళ్ళీ తూలుతారు. అప్పుడు మళ్ళీ అడుగులు లెక్కపెట్టుకోండి. కొండయ్యని ఒక్కమాట అడిగితే తేలిపోయేది. మీరు అడగలేదు, నేనూ అడగలేదు. కల్లుపాకలో వాడు ఈయన్ని రెక్కపట్టుకుని లేపాడండీ. మనం గుడిలో కూర్చుని పడేశాం."

పసిపిల్ల ఒకతె ఏడుస్తుంటే తల్లి నోరు నొక్కేసింది. నేను కూర్చోలేదు.

అయ్యగారు కమిటీ వాళ్ళని వేదిక పక్కకి పిలిచి మాట్లాడారు. ఎంతసేపనుకున్నావు? ఈయన్ని వెలి వేయడానికి పట్టినంత సేపు కూడా పట్టలేదు. వచ్చి, ప్రభాకరరావుగారి మీద నేరం లేదన్నారు. ఆయన స్థానం ఆయనకి ఇస్తున్నామన్నారు. అందరం హమ్మయ్య అనుకుంటుంటే, అబద్ధసాక్ష్యం పలికినందుకు దీనమ్మగారిని మూడు నెలలు సంస్కారం నుంచి ఆపుతున్నామన్నారు. సత్యంగారు తల ఊపాడు. అబద్ధాన్ని నమ్మి ఊరేగించినవాళ్ళకి శిక్షేమిటో సంఘం నియమాల పుస్తకంలో రాసి లేదట. నాకు కోపం రాలేదు లీలావతీ. నాకు తగిందే. తక్కువే అనుకున్నాను.

తరవాత కీర్తన. ఈయన్నే ఎత్తుకోమన్నారు. ఎత్తుకున్నారు. పై స్థాయికి వెళ్ళేటప్పుడు ఇంకా కొంచెం బొంగురుంది. ఆడపిల్లలెవరూ నవ్వలేదు. నేను ఏడ్చాను, దాచుకోలేదు.

సంస్కారం పిలిచారు. పెద్దల వరసలో ఈయన ముందుకెళ్ళి మోకాళ్ళూనారు. ఎనిమిది నెలలుగా దాని కోసమే కదా కాగితం మీద సంతకం కూడా పెట్టింది. నేను వెనక బల్ల మీద ఒక్కదాన్నే ఉన్నాను. అయ్యగారు రొట్టె విరిచి వరసగా ఇస్తూ వచ్చి ఈయన ముందు ఆగారు. ఈయన చెయ్యి చాపలేదు.

"పుచ్చుకోండి ప్రభాకరరావుగారూ," అన్నారు అయ్యగారు.

ఈయన తల ఎత్తి, గుడంతా వినపడేట్టు, ఒక్క మాట తడబడకుండా అన్నారు. "మా ఆవిడకి పెట్టిన గడువు అయ్యేదాకా నేనూ ఆగుతానండి. ఆవిడ రాసేముందు నన్ను అడగలేదు. మీరూ అడగలేదు. ఆవిడ లేచి తన తప్పు చెప్పింది, మీరు ఇంకా మీది చెప్పలేదు."

లేచి, నెమ్మదిగా, తిన్నగా నడుచుకుంటూ వచ్చి నా పక్కన కూర్చున్నారు. జేబులో కాగితం తీసి చింపి, గుడిలో చెత్త పడెయ్యకూడదని ముక్కలు నా చేతిలో పెట్టారు. జరగమన్నారు. జరిగాను.

దీనమ్మ